ఊపిరితిత్తుల మార్పిడి తర్వాత గళ్ల కదలడం లేదా? ముందు ఆ యాంటీబయాటిక్ సంగతి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది చీమకుర్తి దగ్గర ఒక పల్లె. మా నాన్నగారికి 54 ఏళ్లు. గ్రానైట్ పలకలు కోసే ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు పనిచేసినందువల్ల ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని చెప్పి, కిందటేడు చెన్నైలో రెండూ మార్చారు. టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసొలోన్ మాత్రలు వాడుతున్నారు. ఈ మధ్య ఛాతీలో గరగరమంటోంది గాని దగ్గు సరిగా రావడం లేదు, గళ్ల చిక్కగా పడుతోంది. జ్వరం లేదు. మెడికల్ షాపులో అడిగితే క్లారిత్రోమైసిన్ ఇచ్చారు. ఐదు రోజులు వేసి మొన్ననే ఆపాం. కొంచెం తగ్గినట్టే ఉంది గాని, చేతులు వణుకుతున్నాయని, నిద్ర పట్టడం లేదని అంటున్నారు. నీరసం వల్లనేమో. రోగనిరోధక శక్తిని అణిచే ఈ మాత్రలే ఊపిరితిత్తులు తమను తాము శుభ్రం చేసుకునే శక్తిని కూడా తగ్గిస్తాయని చదివాను. నిజమేనా? అయితే డోసు సగానికి తగ్గించి, తిప్పతీగ కషాయం ఇవ్వవచ్చా?
– ఒక కుమార్తె, ప్రకాశం జిల్లా

జవాబు: మీరు అడిగినదానికి సమాధానం చెబుతాను గాని, అమ్మా, ‘నీరసం వల్లనేమో’ అని మీరు ఒక్క మాటలో దాటేసిన ఆ చేతుల వణుకే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. టాక్రోలిమస్‌ను శరీరం నుంచి తొలగించే పని ప్రధానంగా కాలేయంలోను, పేగు గోడలోను ఉండే సీవైపీ 3ఏ4 అనే ఎంజైమ్ చేస్తుంది. క్లారిత్రోమైసిన్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. అప్పుడు రోజూ వేసుకునే డోసు మారకపోయినా రక్తంలో టాక్రోలిమస్ మోతాదు పెరుగుతూ పోతుంది. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి దానికి తొలి గుర్తులు కావచ్చు. మూత్రపిండాలు దెబ్బతినడం, రక్తంలో పొటాషియం పెరగడం మాత్రం పైకి ఏ గుర్తూ లేకుండానే జరిగిపోవచ్చు. మనిషిని చూడకుండా, రిపోర్టులు లేకుండా ఇదేనని తేల్చి చెప్పలేను. కానీ కాదని తేలేవరకు ఇదే అనుకుని నడుచుకోవాలి.

కాబట్టి ఈ జవాబు చదివిన వెంటనే చెన్నైలో ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి. వారు వద్దనకపోతే రేపు పొద్దున టాక్రోలిమస్ మాత్ర వేయకముందే రక్తం తీయించి టాక్రోలిమస్ స్థాయి, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, పొటాషియం చూపించండి. మాత్ర వేశాక తీసిన రక్తంతో వచ్చే అంకె మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. టాక్రోలిమస్ నమూనాను చాలా ల్యాబులు బయటికి పంపుతాయి గనుక ఫలితం ఆలస్యం కావచ్చు. క్రియాటినిన్, పొటాషియం మాత్రం ఒంగోలులో అదే రోజు తెలుస్తాయి. ఈలోగా వణుకు ఉంది కదా అని మీ అంతట మీరు టాక్రోలిమస్ ఆపవద్దు. క్లారిత్రోమైసిన్ ప్రభావం ఆపిన తర్వాత కూడా కొన్ని రోజులు నిలిచి, ఆ తర్వాత తగ్గుతుంది. అది తగ్గేకొద్దీ టాక్రోలిమస్ స్థాయి కూడా దిగుతుంది. అందువల్ల ఒక్క పరీక్షతో సరిపెట్టకుండా, వారు చెప్పిన రోజున మళ్లీ చేయించాలి. వాంతులు, మాట తడబడటం, ఫిట్స్, మూత్రం బాగా తగ్గడం వీటిలో ఏది కనిపించినా ఫోన్ల కోసం ఆగకుండా దగ్గర్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకువెళ్లండి.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. మీరు చదివినదాంట్లో నిజం ఉంది, కానీ అది సగమే. శ్వాసనాళాల లోపలి పొరలోని కణాల మీద, ఒక్కోదానికి సుమారు 200 చొప్పున, సీలియా అనే అతి సన్నని కేశాలు ఉంటాయి. అవి సెకనుకు పదిసార్లకు పైగా ఒకే వైపుకు కదులుతూ, దుమ్మునూ సూక్ష్మజీవులనూ పట్టుకున్న శ్లేష్మపు పొరను గొంతు దాకా నెట్టుకొస్తాయి. అక్కడి నుంచి మనం దాన్ని తెలియకుండానే మింగేస్తాం. ఊపిరితిత్తులు మార్చినవారిలో ఈ కదలిక మందగిస్తుంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాలలో సైక్లోస్పోరిన్, మైకోఫినోలేట్ వంటి మందులు శ్లేష్మపు ప్రయాణాన్ని తగ్గించినట్టు కనిపించింది. అయితే శ్వాసనాళాన్ని కోసి మళ్లీ కుట్టడం వల్ల కూడా అది తగ్గింది. ఎలుకకు ఇచ్చిన మందు ఫలితాన్ని తీసుకొచ్చి మీ నాన్నగారి డోసుకు అతికించడం మాత్రం సరికాదు.

మీరు చెప్పిన లక్షణాలకు మందుల కన్నా శస్త్రచికిత్సే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. పాత ఊపిరితిత్తిని తీసి కొత్తదాన్ని అమర్చేటప్పుడు శ్వాసనాళాన్ని, రక్తనాళాలను కలిపి కుడతారు గాని, నరాలను కలపడం సాధ్యం కాదు. కుట్టుకు దిగువన గళ్ల పేరుకున్నా, లోపల ఏదో ఉందన్న కబురు మెదడుకు సరిగా అందదు. గరగర వినిపిస్తూ దగ్గు రాకపోవడానికి అది ఒక ముఖ్యమైన కారణం. పైగా శ్వాసనాళపు గోడకు రక్తం తెచ్చే చిన్న ధమనులను కూడా సాధారణంగా కలపరు గనుక ఆ కుట్టు దగ్గర చోటు చాలాకాలం బలహీనంగా ఉంటుంది. ఆస్పర్జిల్లస్ అనే బూజు అక్కడ తిష్ట వేయడానికి ఇష్టపడుతుంది.

మందుల పాత్ర వేరేచోట బలంగా ఉంది. మైకోఫినోలేట్ లింఫోసైట్లు అనే రోగనిరోధక తెల్లకణాల సంఖ్య పెరగకుండా ఆపుతుంది, టాక్రోలిమస్ వాటిలో ఒక రకమైన టి కణాలను మేల్కొననివ్వదు, ప్రెడ్నిసొలోన్ వాపును, దానితోపాటు జ్వరాన్నీ అణిచివేస్తుంది. మీరు ‘జ్వరం లేదు’ అని ధైర్యంగా రాశారు. మార్పిడి చేయించుకున్నవారిలో న్యుమోనియా ఉన్నా థర్మామీటరు మామూలుగానే చూపించవచ్చు. మీ నాన్నగారి విషయంలో ఇంకొకటి ఉంది: గ్రానైట్ కోసేటప్పుడు లేచే సిలికా ధూళిని ఏళ్ల తరబడి పీల్చినవారికి క్షయ ముప్పు ఎక్కువ. ఊపిరితిత్తులు కొత్తవే అయినా ఛాతీలోని పాత గ్రంథుల్లో అది నిద్రపోయి ఉండే అవకాశం లేకపోలేదు. గళ్ల పరీక్ష చేయించినప్పుడు క్షయకు కూడా చూడమని అడగండి. ఐదు రోజుల యాంటీబయాటిక్‌తో ‘కొంచెం తగ్గినట్టే’ ఉండటం నాకు నచ్చని మాట. అసలు క్రిమి ఏదో కల్చర్‌లో (గళ్లలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్షలో) దొరకకుండా పోవడానికి ఆ మాత్రం మందు చాలు.

డోసు సగానికి తగ్గించడం గురించి నేను సందిగ్ధంగా చెప్పను: తగ్గించకూడదు. ప్రతి శ్వాసతో బయటి గాలికి తెరుచుకునే అవయవం గనుక ఊపిరితిత్తిని శరీరం తిరస్కరించే ప్రమాదం మూత్రపిండం కంటే ఎక్కువ. 1963లో అమెరికాలోని మిసిసిపీలో మొదటిసారి ఊపిరితిత్తి మార్చినప్పుడు ఆ రోగి 18 రోజులే బతికాడు. సైక్లోస్పోరిన్ వాడకంలోకి వచ్చాక, 1983లో టొరంటోలో గాని నిలకడైన విజయం దొరకలేదు. మందు తగ్గితే వచ్చే దీర్ఘకాల తిరస్కరణలో సన్నని శ్వాసనాళికలు ఒక్కొక్కటిగా పూడుకుపోతాయి. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, మెట్లెక్కితే కాస్త ఆయాసం తప్ప. అలా పోయిన సామర్థ్యం తిరిగి రావడం చాలా అరుదు.

తిప్పతీగ కూడా వద్దు. ఆయుర్వేదంతో నాకు పేచీ లేదు. రోగనిరోధక శక్తిని పెంచుతుందనే కదా దాన్ని తాగేది, మీ నాన్నగారి ఊపిరితిత్తులు నిలబడటానికి అదే శక్తిని అణిచి ఉంచాల్సి వస్తోంది. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. పంపరపనస పండు కూడా పెట్టవద్దు, అది కూడా టాక్రోలిమస్ స్థాయిని పెంచగలదు.

మెడికల్ షాపు సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఇలాంటివారు మా ఓపీకి వచ్చినప్పుడు ఏం మందు వాడారని అడిగితే, ప్లాస్టిక్ కవరులోంచి కత్తెరతో కత్తిరించిన నాలుగైదు మాత్రల ముక్క తీసి చూపిస్తారు. మందు పేరున్న భాగం షాపు డబ్బాలోనే ఉండిపోతుంది. ‘ఎర్ర గోళీ, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి’ అంటే దాన్నిబట్టి మేమేం ఊహించాలి? షాపులో ఉన్న అబ్బాయికి మీ నాన్నగారికి ఊపిరితిత్తులు మార్చిన విషయం మీరు చెప్పి ఉండరు. చెప్పినా అతనికి దాని అర్థం తెలియకపోవచ్చు. తామరకు వాడే ఇట్రాకొనజోల్, ఫ్లూకొనజోల్ మాత్రలు, బీపీకి ఇచ్చే డిల్టియాజెమ్ కూడా టాక్రోలిమస్‌ను పెంచుతాయి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్ దాన్ని పడగొట్టి తిరస్కరణకు దారితీస్తాయి. ఒళ్లు నొప్పులకని తీసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ టాక్రోలిమస్‌తో కలిసి మూత్రపిండాల మీద పడతాయి. అజిత్రోమైసిన్‌ను కొన్ని మార్పిడి సెంటర్లు వారానికి మూడుసార్లు కావాలనే ఇస్తాయి. ‘అదే జాతి మందు కదా’ అని దాని బదులు క్లారిత్రోమైసిన్ వేస్తే ఏమవుతుందో ఇప్పుడు మీరు చూస్తున్నారు.

ఊళ్లో ఎవరైనా ఆయాసానికి డెక్సా అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేస్తామంటే కూడా ఒప్పుకోవద్దు. ఇన్‌ఫెక్షన్‌కూ తిరస్కరణకూ లక్షణాలు దాదాపు ఒకటే గాని చికిత్సలు ఎదురెదురు: తిరస్కరణ అయితే స్టెరాయిడ్ పెంచుతారు, ఇన్‌ఫెక్షన్ అయితే అణిచే మందులను జాగ్రత్తగా తగ్గిస్తారు. ఏది ఏదో తేల్చడానికి తరచుగా బ్రాంకోస్కోపీ చేసి, అంటే శ్వాసనాళంలోకి సన్నని గొట్టం పంపి, ముక్క తీసి చూడవలసి వస్తుంది. అది మార్పిడి చేసిన సెంటర్‌లోనే జరగాలి. రాబోయే చెకప్ తేదీ దాకా ఆగుదామనుకోకండి.

గళ్ల కదలడానికి ఇంట్లో చేయగలిగింది కొంత ఉంది. దగ్గు తనంతట తాను రాదు గనుక, రావాలనిపించినా లేకపోయినా వేళకు దగ్గించాలి. ఫిజియోథెరపిస్టు నేర్పిన పద్ధతిలో లోపలికి గాలి తీసుకుని, నోరు తెరిచి అద్దం మీద ఆవిరి ఊదినట్టు బలంగా వదలడం పొద్దున, సాయంత్రం చేయించండి. దగ్గును అణిచే సిరప్ ఏదీ ఇవ్వవద్దు. నీళ్ల మీద ఆంక్ష లేకపోతే బాగా తాగించండి. మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ వాడుతుంటే దాని కప్పును కుళాయి నీళ్లతో కడిగి తడిగానే మూతపెట్టవద్దు. మరిగించి చల్లార్చిన నీటితో కడిగి ఆరబెట్టాలి. గడ్డివాము, పేడదిబ్బ, గోడలు పగలగొట్టే చోటు ఆయనకు పనికిరావు. పలకలు కోసే ఫ్యాక్టరీ గేటు దాకా కూడా వెళ్లకూడదు, జీతం బాకీ వసూలుకైనా సరే.

ఇంట్లో వాడమని, ఊపిరి బలాన్ని కొలిచే చేతి స్పైరోమీటర్ ఇచ్చే ఉంటారు. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు, బహుశా బీరువాలో ఉండి ఉంటుంది. రోజూ ఒకే వేళకు ఊదించి రాయండి. ఎఫ్‌ఈవీ1 అంకె, అంటే బలంగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికొచ్చే గాలి, ఆయన మామూలు అంకె కంటే పది శాతం తగ్గితే, లక్షణాలు లేకపోయినా అదే రోజు సెంటర్‌కు చెప్పాలి. ఇరవై శాతం తగ్గి అలాగే ఉండిపోతే దీర్ఘకాల తిరస్కరణ కోసం వెతుకుతారు.

ఫోన్ చేసేటప్పుడు ఈ వివరాలు దగ్గర పెట్టుకోండి: క్లారిత్రోమైసిన్ ఎన్ని మిల్లీగ్రాములది, ఏ తేదీన మొదలుపెట్టి ఏ తేదీన ఆపారు, టాక్రోలిమస్ డోసు ఎంత, ఏ వేళకు వేస్తున్నారు, వణుకు ఎప్పుడు మొదలైంది, ఈ రోజు ఆక్సిజన్ అంకె ఎంత, మామూలుగా ఎంత ఉండేది. పేరు కత్తిరించిన స్ట్రిప్పే మీ దగ్గర ఉంటే, ముందు ఆ షాపుకే వెళ్లి బిల్లు రాయించుకోండి, లేదంటే డబ్బా మీది పేరును ఫొటో తీసుకుని సెంటర్‌కు పంపండి. ఈ రాత్రి వేయవలసిన టాక్రోలిమస్ మాత్ర విషయంలో వారు చెప్పినట్టే చేయండి.