తుఫాను పునరావాస కేంద్రంలో ఫుట్‌పాత్‌పై ఉండేవాళ్లకూ చోటు ఇస్తారా?

ఇవ్వాల్సిందే, ఇల్లు, రేషన్ కార్డు లేవని ఆశ్రయం నిరాకరించడానికి వీల్లేదు. విపత్తు నిర్వహణ చట్టం, 2005 ప్రకారం నీడ, తిండి, తాగునీరు, వైద్యం విపత్తు బాధితులకు అందాల్సిన కనీస సాయం. బాధితుడంటే ఇంటి యజమాని అని అందులో ఎక్కడా లేదు.

మరి వీళ్లు ఎందుకు మిగిలిపోతారు? సర్వేలు, జాబితాలు ఎక్కువగా ఇంటి నంబర్ల మీద నడుస్తాయి. హెచ్చరిక ఫోన్‌కి మెసేజ్‌గా వస్తుంది. ఫోన్ లేనివాళ్లకు, ఉన్నా చార్జింగ్ లేనివాళ్లకు అది చేరదు. అందుకే తుఫాను సహాయ ప్లాన్ రాసేటప్పుడే ఫ్లైఓవర్ల కింద, బస్టాండ్ల దగ్గర రాత్రిపూట ఎంతమంది పడుకుంటున్నారో లెక్క ఉండాలి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖ మీదే విరుచుకుపడింది. అలాంటి గాలిలో రేకుల షెడ్డు, బస్ షెల్టర్ కూడా ప్రమాదమే. ముందురోజే మనిషి వెళ్లి పిలవాలి, బండి పెట్టి తీసుకెళ్లాలి.

'పిలిచినా రారు' అనేది చాలామంది అపోహ. మూట, తోపుడు బండి పోతాయని, భార్యాభర్తలను వేరుచేస్తారని వాళ్ల భయం. సామాను భద్రంగా పెట్టే చోటు, కుటుంబమంతా కలిసుండే గది చూపిస్తే చాలామంది వస్తారు.