నీళ్ల పైపు వెల్డింగ్‌కి 6013 రాడ్ సరిపోతుందా, 7018 కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా: గేట్లు, గ్రిల్స్‌కి 6013 వెల్డింగ్ రాడ్‌తో చేయి తిరిగింది. ఇప్పుడు 4 అంగుళాల ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పైపు, గోడ మందం 6 మి.మీ., నీళ్ల లైను అతకాలి. చేతిలో ఉన్నది 200 ఆంప్స్ ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్. "7018 బలమైన రాడ్, అదే కొను" అని ఎవరో చెప్పారు. చాలా ఏళ్లు ఫ్యాబ్రికేషన్‌లో, తర్వాత పైపు పనిలో ఉన్నవాడిగా చెప్తున్నాను: మీ పనిలో బలం ఆఖర్న చూసుకోవాల్సిన సంగతి.

రాడ్ మీద మొదటి రెండు అంకెలు వెల్డ్ మెటల్ తట్టుకునే లాగుడు బలం. 60 అంటే చదరపు అంగుళానికి 60,000 పౌండ్లు, 70 అంటే 70,000. మామూలు గ్రేడ్ బి కార్బన్ స్టీల్ పైపుకి ఉండాల్సిన కనీస బలమే 60,000. అంటే లెక్క ప్రకారం 6013 కూడా పైపుకి సమానంగానే నిలుస్తుంది. మరి పైపు వాళ్లు దాన్ని ఎందుకు దూరం పెడతారు? పైపుకి లోపలివైపు చేయి పోదు కాబట్టి. బయటి నుంచి వేసే మొదటి వరస, అంటే రూట్ పాస్, లోపలి అంచుదాకా కరిగి, రెండు ముక్కల్నీ పూర్తిగా కలపాలి. 6013 ఆర్క్ మెత్తన, లోతుకి దిగదు. పైగా దాని స్లాగ్, అంటే రాడ్ పూత కరిగి ఏర్పడే మడ్డి, నీళ్లలా పలచగా కదిలి కరిగిన లోహం ముందుకి వచ్చేస్తుంది. పైనుంచి చూస్తే బీడ్ (వెల్డ్ గీత) ముచ్చటగా ఉంటుంది, కింద స్లాగ్ ఇరుక్కుని ఉంటుంది. 2 మి.మీ. స్క్వేర్ ట్యూబ్‌కి ఇదే మెత్తదనం వరం, అందుకే గేట్లకి దాన్ని మించింది లేదు.

7018 సంగతి వేరు. అది హైడ్రోజన్ తక్కువగా వదిలే (లో-హైడ్రోజన్) రాడ్. మందపాటి ఉక్కులో, కార్బన్ ఎక్కువున్న ఉక్కులో హైడ్రోజన్ చేరితే వెల్డ్ చల్లారాక, ఒక్కోసారి గంటల తర్వాత, పగులు వస్తుంది. దాన్ని ఆపడానికి ఈ రాడ్. మీ 6 మి.మీ. మైల్డ్ స్టీల్‌కి ఆ భయం పెద్దగా లేదు. అయినా రూట్ మీద నింపడానికీ (ఫిల్లింగ్), ఆఖరి పై వరసకీ (క్యాపింగ్) నేను 7018నే వాడతాను, ఎందుకంటే లోహం శుభ్రంగా, సాగే గుణంతో పడుతుంది. కానీ గ్యాప్ ఉన్న రూట్ పాస్ దానితో మొదలుపెట్టమని కొత్తవాళ్లకి చెప్పను. కొందరు చేస్తారు, బాగానే చేస్తారు, కానీ చేయి కుదరడానికి చాలా టైమ్ పడుతుంది.

రూట్‌కి పుట్టిన రాడ్లు 6010, 6011. వీటి పూత సెల్యులోజ్. అది కాలి వాయువుగా మారి ఆర్క్‌ని గట్టిగా తోస్తుంది, స్లాగ్ కొద్దిగానే వచ్చి త్వరగా గడ్డకడుతుంది. 6010 డీసీలో మాత్రమే, హోల్డర్ ప్లస్‌లో ఉంచి నడుస్తుంది. ఇక్కడ మీ మెషిన్ గురించి ఒక మాట: చిన్న ఇన్వర్టర్లు చాలావాటిలో 6010 ఆర్క్ టప్పున ఆరిపోతూ ఉంటుంది. మాన్యువల్‌లో సెల్యులోజ్ రాడ్ నడుస్తుందని రాసి ఉంటేనే కొనండి. లేదంటే 6011 తీసుకోండి, అది ఏసీ మీదా నడిచే రకం, ఇన్వర్టర్లతో గొడవ తక్కువ.

రాడ్ ఎంత మంచిదైనా అంచు తయారీ సరిగ్గా లేకపోతే దండగ. ఒక్కో ముక్కకి 30 నుంచి 37 డిగ్రీల బెవెల్ (ఏటవాలు అంచు) కొట్టండి. కొనన 1.5 మి.మీ. మందం వదలండి. మధ్యలో 2.5 నుంచి 3 మి.మీ. గ్యాప్ రావాలి. దానికి కొలబద్ద అక్కర్లేదు, 2.5 మి.మీ. రాడ్ పూత కొట్టేసి లోపలి తీగని వంచి మధ్యలో పెడితే చాలు. నాలుగు వైపులా టాక్ (ముక్కలు కదలకుండా పట్టే చిన్న వెల్డ్) వేసి, ప్రతి టాక్ రెండు చివరల్నీ గ్రైండర్‌తో పలచగా అరగదీయండి. ఎక్కువ రూట్లు చెడేది టాక్ దగ్గరే.

రూట్ కింది నుంచి పైకి వేయండి. 2.5 రాడ్‌కి 60 నుంచి 75 ఆంప్స్ మధ్య మొదలుపెట్టి చూసుకోండి. ఆర్క్ ముందు గ్యాప్‌లో ఒక చిన్న గుండ్రటి రంధ్రం ఏర్పడుతుంది, దాన్నే కీహోల్ అంటాం. అది రాడ్ కంటే కాస్త పెద్దగా ఉంటే లోపలి అంచులు రెండూ కరుగుతున్నట్టే. పెద్దదైపోతుంటే రాడ్‌ని ఒక్క విసురు ముందుకి తీసి, కరిగిన లోహపు గుంట కాస్త చల్లబడగానే వెనక్కి రండి. మూసుకుపోతుంటే రెండు ఆంప్స్ పెంచండి, లేదా అక్కడే ఒక క్షణం ఆగండి. కళ్లతో పాటు చెవి కూడా పెట్టాలి: ఆర్క్ లోపలికి దూరుతున్నప్పుడు పైపు లోంచి ఒక బోలు శబ్దం వస్తుంది. అది ఆగిపోతే పైపైనే పడుతోందన్నమాట.

రూట్ అయ్యాక మధ్యలో లేచిన గట్టుని, దాని రెండు పక్కల ఇరుక్కున్న స్లాగ్ గీతల్ని గ్రైండర్‌తో తీసేయండి. ఆ పైన 7018. 2.5 రాడ్ అయితే 70 నుంచి 95 ఆంప్స్, హోల్డర్ ప్లస్, కింది నుంచి పైకే. మామూలు 7018ని పైనుంచి కిందకి లాగితే స్లాగ్ ముందుకి జారుతుంది. ఆర్క్ ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది, దూరం పెరిగితే వెల్డ్‌లో పిన్‌హోల్స్ (సన్న చిల్లులు) వస్తాయి. వాడి ఆపిన రాడ్ కొనన గాజులాంటి పొర కడుతుంది, దాన్ని గీరి పడేసి మొదలుపెట్టండి. మొదలుపెట్టేది కూడా పాత బీడ్ చివర కాదు: ఒక సెంటీమీటర్ ముందు ఆర్క్ కొట్టి, వెనక్కి వచ్చి గుంట నింపి, మళ్లీ ముందుకి సాగండి. మొదట పడ్డ మచ్చ మళ్లీ కరిగిపోతుంది.

నిల్వ విషయంలో 7018కీ, సెల్యులోజ్ రాడ్లకీ పడదు. ప్యాకెట్ విప్పిన 7018 వేడి పెట్టెలో, దాదాపు 120 డిగ్రీల్లో ఉండాలి. బయట నాలుగు గంటలు దాటితే ప్యాకెట్ మీద రాసినట్టు, మామూలుగా 350 డిగ్రీల దగ్గర, మళ్లీ కాల్చాలి. నేను పనిచేసిన ఒక సైట్‌లో ప్యాకెట్లు రాత్రంతా తెరిచి వదిలేసేవాళ్లు, పొద్దున వెల్డర్లని తిట్టేవాళ్లు, పిన్‌హోల్స్ ఎందుకొస్తున్నాయని! 6010, 6011లని మాత్రం ఎండబెట్టకూడదు. వాటి పూతలో కొంత తేమ ఉండాలి, పోతే ఆర్క్ జోరు తగ్గుతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే చాలు.

మీది జీఐ (జింక్ పూత వేసిన) పైపు అయితే జాయింట్‌కి రెండు వైపులా, లోపలా బయటా జింక్ పూత గ్రైండ్ చేయండి. జింక్ కాలితే వచ్చే తెల్ల పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది, పాలు తాగితే పోతుందన్న మాట నమ్మకండి. గాలి ఆడే చోట, సరైన మాస్క్‌తో చేయండి.

ఆవిరి, గ్యాస్ లైన్లు మాత్రం ఏ రాడ్‌తోనూ సొంతంగా ముట్టుకోకండి, వాటికి పరీక్ష పాసైన వెల్డర్ కావాలి. తక్కువ ప్రెజర్ నీళ్ల లైను కాబట్టి 6011 రూట్, 7018 క్యాప్‌తో మీరు చేసుకోవచ్చు. ముందు అదే పైపు తుక్కు ముక్కల్ని అతికి, జాయింట్‌కి అడ్డంగా ఒక పట్టీ కోసి, రూట్ వైపు బయటికి వచ్చేలా వైస్‌లో వంచండి. లోపలి అంచున గీత తెరుచుకుంటే లైను జోలికి అప్పుడే వెళ్లకండి, గ్యాప్, ఆంప్స్ మార్చి ఇంకో ముక్క అతకండి.