పద్యం మధ్యలో ఊపిరి అందకపోతే

తమ్ముడూ, మీ పద్యనాటకంలో రాయబారం సీనులో కృష్ణుడి పద్యం మూడో పాదానికి వచ్చేసరికి ఊపిరి అందడం లేదని, శ్రుతి తగ్గించినా లాభం లేదని రాశావు. చిక్కు శ్రుతిలో లేదు, ఊపిరి తీసుకునే చోట ఉంది.

ఆ పద్యం ఉన్న శార్దూల వృత్తంలో పాదానికి 19 అక్షరాలు. చాలామంది పాదం చివరిదాకా బిగబట్టి లాగుతారు. వాక్యమేమో చాలాసార్లు పాదం దగ్గర ఆగదు, తర్వాతి పాదంలోకి పోతుంది. అందుకని ముందు రాగం పక్కన పెట్టు. ఎదురుగా ధృతరాష్ట్రుడు కూర్చున్నట్టే అనుకుని పద్యాన్ని మామూలు మాటలా చెప్పు. అర్థం ఎక్కడ తెగితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకో. ఊపిరి అక్కడే తీసుకో. సమాసం మధ్యలో మాత్రం వద్దు, పద్యం ప్రాణం పోతుంది.

రాగాలాపన చివర్లో పెట్టుకో, అదీ ఒక్క గుక్కలో అయ్యేంతే. జనం ‘వన్స్‌మోర్’ అని మళ్ళీ పాడమనాలని గొంతు చించుకోకు. బళ్ళారి రాఘవ అంతటి నటుడు రాగం కన్నా భావానికే పెద్దపీట వేశాడు, నా మనసూ అటే.

ఇంకోటి, కిరీటం, నడుముపట్టీ పెట్టుకుని కూడా రిహార్సల్ చెయ్యి. పట్టీ పొట్ట మీద బిగిస్తే గాలి లోపలికి దిగదు. రెండు వేళ్లు దూరేంత వదులుగా కట్టించుకో.