యాసంగి లెక్కలు ఎటు పోయినయ్?

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ, రైస్ మిల్లు లెక్కలు నేనే చూస్త. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పాతది, విండోస్ 7లనే నడుస్తది, అందుకే కొత్త కంప్యూటర్‌ల వర్చువల్ బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్, అంటే 'మెషిన్' నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి దాంట్ల విండోస్ 7 ఏసుకున్నం. పోయిన వారం కంప్యూటర్ పిలగాడు వచ్చి వర్చువల్ బాక్స్ అప్‌గ్రేడ్ చేసిండు. తర్వాత లిస్టుల మా మెషిన్ కనపడలే, కొత్త మెషిన్ చేసి పాత వీడీఐ ఫైల్ (మెషిన్‌కు హార్డ్ డిస్క్ లెక్క పనిచేసే ఫైల్) తగిలించిండు, విండోస్ మంచిగనే వచ్చింది కానీ లెక్కలు దసరా దాకనే ఉన్నయ్, యాసంగి వడ్లు కొన్నది ఒక్క ఎంట్రీ లేదు. నాలుగు రోజుల సంది దాంట్లనే కాంటా చీటీలు ఎక్కిస్తున్నం. పాతయి వస్తయా? మా సేటు నాతోని మాట్లాడుతలేడు.

జవాబు: ముందు ఆ మెషిన్ షట్‌డౌన్ చేయండన్నా, మిగతా జవాబు తర్వాత చదువుకోవచ్చు. చీటీలు పుస్తకంల రాసుకోండి, దాంట్ల ఇంకొక్క బస్తా కూడా ఎక్కియ్యొద్దు.

లెక్కలు దసరా కాడ ఆగినయ్ అన్నరు చూడండి, ఆడనే దొరికింది. డిస్క్ ఖరాబైతే విండోసే సరిగ్గ రాదు, లేకుంటే సాఫ్ట్‌వేర్ ఎర్రర్ ఇస్తది. ఇట్ల ఒక తారీఖు కాడ కోసినట్టు ఆగిందంటే ఆ టైంల ఎవరో స్నాప్‌షాట్ తీసిన్రన్నట్టు. స్నాప్‌షాట్ అంటే కాపీ తీసి పక్కన పెడ్తదనుకుంటరు, కానీ అది చేసేది ఉల్టా. మీ ఖాతా బుక్కే అనుకోండి, స్నాప్‌షాట్ తీసిన రోజు దాన్ని బీరువల పెట్టి తాళం ఏస్తది, ఆ రోజు నుంచి ఏ పేజీల ఏం మారినా వేరే నోట్‌బుక్కుల రాసుకుంట పోతది, మెషిన్ ఆన్ చేస్తే రెండు కలిపి చూపిస్తది. మీ పిలగాడు తగిలించింది బీరువల బుక్కును. నోట్‌బుక్కు పాత మెషిన్ ఫోల్డర్‌లనే ఉంటది, లోపల 'స్నాప్‌షాట్స్' అని ఇంకో ఫోల్డర్, దాంట్ల ఫ్లవర్ బ్రాకెట్ల నడుమ పొడుగు పేరున్న వీడీఐ ఫైల్. ఆ పేరు చూసి ఏదో చెత్త అనుకుని డిలీట్ కొట్టేటోళ్లు మస్తుమంది, మీరు గాని కొట్టలేదు కదా?

ఆ ఫైల్ తారీఖు అప్‌గ్రేడ్ రోజుదో దాని ముందటి రోజుదో ఉండి, సైజు జీబీలల్ల ఉంటే మీ యాసంగి దాంట్లనే ఉన్నట్టు. మరీ చిన్నగ, రెండు మూడు ఎంబీలే ఉంటే మాత్రం పరేషానే. మెషిన్ పవర్ ఆఫ్ చేసేటప్పుడు 'రిస్టోర్ కరెంట్ స్నాప్‌షాట్' అని చిన్న టిక్ డబ్బా వస్తది, అది కొడితే నోట్‌బుక్కు చింపి పారేసి తెల్లది పెట్టినట్టే.

అసలు చిక్కు మీ నాలుగు రోజుల చీటీలది. తాళం తీసి బీరువల బుక్కులనే రాసిన్రు, మీరు రాయకపోయినా ఆన్ చేస్తే చాలు విండోస్ ఏదో ఒకటి రాస్తనే ఉంటది, ఇప్పుడు ఆ బుక్కుకు నోట్‌బుక్కుకు పొంతన కుదరకపోవచ్చు. అందుకే అడుగుతున్న, అప్‌గ్రేడ్‌కు ముందు ఆ పెద్ద వీడీఐని ఎవరన్నా ఎక్కడన్నా కాపీ పెట్టిన్రా? సంక్రాంతికి తీసిన కాపీ అయినా సరిపోతది, ఎందుకంటే తాళం పడ్డంక ఆ ఫైల్ మారనే మారదు. ఆ కాపీ దొరికి, ఇప్పటి నోట్‌బుక్కు కలిస్తే లెక్కలన్నీ వస్తయ్.

ఏది ముట్టుకునే ముందైనా ఫోల్డర్ మొత్తం వేరే హార్డ్ డిస్క్‌లకు కాపీ చేయండి. పాత వీడీఐ కాపీ దొరికితే దాన్ని అదే పేరుతోని అసలు జాగల పెట్టండి, దొరక్కపోతే ఉన్నదాంతోనే చూడాలె. తర్వాత పిలగాడు చేసిన కొత్త మెషిన్‌ను లిస్టుల నుంచి తీసేయండి, అప్పుడు రెండు బటన్లు వస్తయ్, 'రిమూవ్ ఓన్లీ' కొట్టండి, పక్కనున్న 'డిలీట్ ఆల్ ఫైల్స్' మీద చెయ్యి పడొద్దు జర. ఇగ మెషిన్ మెనూల 'న్యూ' కాదు, 'యాడ్' కొట్టి పాత ఫోల్డర్‌ల డాట్ వీబాక్స్ ఫైల్ (మెషిన్ సెట్టింగులు ఉండేది) చూపిస్తే అదే రెండింటిని కలుపుకుంటది. ఆ రోజు పిలగాడు గిదే చేసుంటే అయిపోవు. లెక్కలు కనపడంగనే ఇంకేం చూడకుండ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లకు తీసుకోండి, ఆ నాలుగు రోజుల చీటీలు తర్వాత మళ్ల ఎక్కించుకోవచ్చు.

ఒక తమాషా చెప్త. 'డిలీట్ స్నాప్‌షాట్' అంటే పేరుకే భయం, అది నోట్‌బుక్కుల రాసింది అసలు బుక్కులకు ఎక్కించి రెండింటిని ఒకటి చేస్తది, ఇప్పటి డేటా ఎటు పోదు. 'రిస్టోర్' అని ఇంపుగ ఉన్నదే మిమ్మల్ని దసరాకు తీస్కపోతది. డిలీట్‌కు టైం పడ్తది, డిస్క్‌ల ఖాళీ జాగ కావాలె, కరెంటు పోతే మధ్యలనే ఆగుతది కాబట్టి యూపీఎస్ ఉన్నప్పుడే చేయండి.

ప్రశ్న: నాగర్‌కర్నూల్ నుంచి. వర్చువల్ బాక్స్ మెషిన్‌ను సేవ్ స్టేట్‌ల (నడుస్తున్నది నడుస్తున్నట్టే ఆపి దాచుడు) పెట్టి అప్‌గ్రేడ్ చేసిన, ఇప్పుడు స్టార్ట్ అయితలేదు, స్టేట్ డిస్కార్డ్ చేయమంటున్నరు. చేయాల్నా?

జవాబు: డిస్కార్డ్ అంటే నడుస్తున్న కంప్యూటర్‌కు కరెంటు తీగ గుంజినట్టు. సేవ్ చేసిన ఫైళ్లు ఉంటయ్, తెరిచి ఉండి సేవ్ చేయనియి పోతయ్. అట్లాంటిది ముఖ్యమైనది ఏదన్నా ఉంటే పాత వెర్షనే మళ్ల ఎక్కించి, మెషిన్ లేపి, సేవ్ చేసి, లోపలి నుంచి షట్‌డౌన్ కొట్టినంకనే కొత్త వెర్షన్ ఏసుకోండి. ఏం లేకుంటే డిస్కార్డ్ కొట్టేయండి.