పర్షియన్ మేరాజ్ చిత్రంలో ప్రవక్త ముఖానికి తెల్ల ముసుగు ఎందుకు?

గౌరవం కోసం. ముహమ్మద్ ప్రవక్త రాత్రివేళ ఆకాశాలు దాటి వెళ్లిన ఘట్టమే మేరాజ్. దాన్ని చూపే బొమ్మల్లో బాగా పేరున్నది ఇరాన్‌ను ఏలిన సఫావీ వంశపు రాజు షా తహ్‌మాస్ప్ కోసం 1539–43 మధ్య తయారైన ‘ఖమ్సా’ (కవి నిజామీ రాసిన అయిదు కావ్యాల సంపుటి) ప్రతిలో ఉంది. దాన్ని సుల్తాన్ ముహమ్మద్ అనే చిత్రకారుడు గీశాడంటారు. ముఖం కప్పే పద్ధతి సఫావీల కాలంలో బలపడింది. అంతకుముందు, 1436 ప్రాంతంలో హెరాత్‌లో (నేటి అఫ్ఘానిస్తాన్) తయారైన మేరాజ్‌నామాలో, అంటే మేరాజ్ కథ చెప్పే బొమ్మల పుస్తకంలో, ప్రవక్త ముఖం స్పష్టంగానే కనిపిస్తుంది.

ఖమ్సా బొమ్మలో ముసుగున్నా చూపు నేరుగా ప్రవక్త మీదికే పోతుంది. ముదురు నీలాకాశంలో ఆయన చుట్టూ బంగారు మంటలు ఎగసిపడుతుంటాయి మరి! ఆడమనిషి ముఖమున్న బురాఖ్ అనే దివ్యవాహనం మీద ఆయన, ముందు దారి చూపుతూ దేవదూత జిబ్రయీల్, చుట్టూ కానుకలు పట్టుకొచ్చే దేవదూతలు. నాకైతే మెలికలు తిరిగిన ఆ తెల్లమబ్బులే ఎక్కువ నచ్చుతాయి. అసలు ప్రతి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.