వాచీలో అంకె కోసం బీపీ మాత్ర మానకండి

ప్రశ్న: నా వయసు 64. రిటైర్డ్ టీచర్‌ని. శ్రీకాకుళంలో ఉంటున్నాను. నాలుగేళ్లుగా బీపీకి మెటోప్రొలాల్ 50 వాడుతున్నాను. వారానికి ఆరు రోజులు పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ముప్పావుగంట నడుస్తాను. మా అబ్బాయి గుండె వేగం చూపించే వాచీ కొనిచ్చాడు. ఎంత జోరుగా నడిచినా 92, 96 దాటడం లేదు. 109 నుంచి 133 మధ్య ఉంటేనే వాచీ 'కార్డియో' అంటోంది. నాతో నడిచే మిత్రుడికి 125 చూపిస్తోంది. రెండు రోజులు మాత్ర మానేసి నడిస్తే 114 వచ్చింది గానీ, రెండో రోజు గుండె దడదడలాడి గట్టు మీద కూర్చుండిపోయాను. నా గుండె బలహీనంగా ఉందా? అసలు ఎంత రావాలి?

జవాబు: మాష్టారూ, ముందు ఆ మాత్ర సంగతి. మళ్లీ వేసుకుంటున్నారో లేదో మీరు రాయలేదు. వేసుకోకపోతే, మందు రాసిన డాక్టరుకు ఈ రోజే ఫోన్ చేసి, జరిగింది చెప్పి మొదలుపెట్టండి. రోజూ మెటోప్రొలాల్ వేసుకునేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే, ఇన్నాళ్లూ మందు అదుపులో పెట్టిన గుండె వేగం, బీపీ రెండూ ఒక్కసారిగా పెరుగుతాయి. గుండె రక్తనాళాల్లో బయటపడని పూడికలు ఉన్నవాళ్లకైతే అది ఛాతీనొప్పికి, ఒక్కోసారి గుండెపోటుకు కూడా దారితీస్తుంది. మీకొచ్చిన దడ చదివి నాకు భయం వేసింది. ఆ 114 చూసి సంతోషించకండి. ఇదే రకం మాత్రలైన అటెనొలాల్, బిసొప్రొలాల్ వాడేవాళ్లకూ ఇదే మాట.

ఇక మీ అంకె పెరగకపోవడానికి కారణం. నడక జోరందుకోగానే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి, గుండెను వేగంగా కొట్టుకోమంటుంది. మీ మాత్ర పని ఆ ప్రభావాన్ని తగ్గించడమే. కాబట్టి 92, 96 దగ్గర ఆగిందంటే మందు పనిచేస్తోందని. దాన్నిబట్టి గుండె బలహీనమని చెప్పలేం.

వాచీకి మీ వయసొక్కటే తెలుసు, మాత్ర సంగతి తెలియదు. 220లోంచి 64 తీసేస్తే 156. అందులో 70 నుంచి 85 శాతం అంటే 109-133. వాచీ చెప్పే లెక్క ఇదే. 220 అన్న సూత్రం కూడా సగటు మాత్రమే, ఒకే వయసువాళ్లలో పది పన్నెండు అటూఇటూ తేడా మామూలే. పైగా మధ్యస్థ వ్యాయామానికి 50 నుంచి 70 శాతం చాలు. మీ వయసుకు అది 78-109. ఆ లెక్కన చూసినా మీరు ఎప్పుడో అందులోనే ఉన్నారు. వారానికి 150 నిమిషాలు ఇలా నడిస్తే మంచిదంటారు, మీరు 270 నడుస్తున్నారు!

మీ మిత్రుడి 125 గురించి: ఆయనకు ఇలాంటి మాత్ర లేకపోవచ్చు. లేదా వాచీ తప్పు చూపిస్తుండొచ్చు. వాచీ తీసి వెనక్కి తిప్పితే ఆకుపచ్చ లైటు వెలుగుతుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింద రక్తం ఎంత పెరిగి తగ్గుతోందో ఆ వెలుతురుతో కొలుస్తుంది. బెల్టు వదులుగా ఉండి చెయ్యి ఊగుతుంటే, ఒక్కోసారి అడుగుల ఊపునే నాడిగా లెక్కేస్తుంది. జోరు నడకలో నిమిషానికి 110, 120 అడుగులు పడతాయి కదా! బెల్టు మణికట్టు ఎముకకు ఒక వేలెడు పైన, జారకుండా కట్టాలి. అనుమానం వస్తే ఆగి, బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, 15 సెకన్లు నాడి లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. ఆగిన వెంటనే లెక్కపెట్టాలి, ఆలస్యమైతే తగ్గిపోతుంది.

మీలాంటివారికి వాచీ కన్నా ఊపిరి నమ్మకమైన గుర్తు. పక్కనున్నాయనతో మాట్లాడగలగాలి, పాట పాడమంటే మాత్రం ఊపిరి అందకూడదు. ఆ జోరు మీకు సరిపోతుంది. మాట తెగితే తగ్గించండి. ఎండాకాలంలో మనవైపు ఉక్కకు చెమట ఆరదు, అదే నడకకు గుండె ఇంకాస్త వేగం పెంచుకుంటుంది. అప్పుడు తెల్లవారకముందే బయల్దేరండి, నీళ్లు తాగండి. మోకాళ్లు నొప్పులని మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని మింగకండి. అవి బీపీని పెంచుతాయి, కిడ్నీలకు చేటు. ఉద్దానం కిడ్నీ జబ్బులు చూస్తున్న జిల్లా మనది, ఇంత జాగ్రత్త తప్పదు.

వాచీని పక్కన పడేయమనను. పొద్దున్న లేచీ లేవగానే నాడి ఎంతుందో వారం రోజులు రాసుకోండి. 50 కన్నా తగ్గి, తల తిరగడం, నీరసం ఉంటే మాత్ర మోతాదు చూడాలి.

ఛాతీ బిగేసినట్టున్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, చల్లటి చెమటలు పట్టినా వాచీ వంక చూడకండి. ఈ మాత్ర వాడుతుంటే గుండెపోటులోనూ అంకె 80, 90 ఉండొచ్చు. కూర్చుని 108కి ఫోన్ చేయించండి.

ఆ దడ వచ్చింది కాబట్టి ఈ వారంలోనే ఈసీజీ తీయించుకుని కార్డియాలజిస్టుకు చూపించండి. ఆయన టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ చూసే పరీక్ష) చేయిస్తే, మందు వాడుతూ మీ గుండె వేగం ఎంతవరకు వెళ్లొచ్చో తెలుస్తుంది. వాచీలో పెట్టుకోవాల్సిన అంకె అదే. ఆ పరీక్ష రోజు మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది ఆయన్నే అడగండి, మీ అంతట మీరు ఆపకండి. అప్పటిదాకా జోరు పెంచకుండా, తీరిగ్గా నడవండి.