ప్రజావాణి పని చేపట్టిన బిడ్డకు

బిడ్డా,

సోమవారం సోమవారం కలెక్టరేట్‌ల జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో దివ్యాంగుల సౌలత్‌లు చూసే పని, తెలుగు రానోళ్లకు మాటసాయం చూసే పని రెండూ నీకే అప్పజెప్పిండ్రని తెలిసింది. బరువని దిగులు పడకు. రెండూ ఒక్క చేతిలో ఉండటమే మేలు. చాలా ఆఫీసుల్లో ర్యాంపు ఒకరి ఫైల్లో ఉంటది, ఉర్దూ బోర్డు ఇంకొకరి ఫైల్లో ఉంటది, తండా మాట ఎవరి ఫైల్లోనూ ఉండదు. గేటు కాడ ఆటో దిగే మనిషి మాత్రం ఒక్కరే. మన నల్లగొండ జిల్లా చందంపేట దిక్కు తండా నుంచి చెవులు వినబడని లంబాడీ అమ్మ వచ్చిందనుకో, ఒక బల్ల "సైగల భాష మా దగ్గర లేదు" అంటది, పక్క బల్ల "లంబాడీ వచ్చిన పిల్ల ఇయ్యాల సెలవు" అంటది. అర్జీ ఆ రెండు బల్లల సందుల పడిపోతది.

అందుకే అన్నిటికంటే ముందు ఒక చిట్టీ తయారు చెయ్యి. పోస్టుకార్డంత గట్టి కాయిదం, అర్జీకి పైన పిన్ను కొట్టాలె. అర్జీ తహసీల్దారు దగ్గరికి పోయినా, ఎంపీడీవోకు పోయినా, ఆస్పత్రికి పోయినా చిట్టీ దాని వెంట పోవాలె. అదే ఈ పనికి ప్రాణం. లేకపోతే ప్రతి బల్ల దగ్గర ఆ మనిషి తన కష్టం మొదటి నుంచి చెప్పుకోవాలె, నాలుగో బల్ల దగ్గరికి వచ్చేసరికి విసిగి వెళ్లిపోతరు.

చిట్టీ మీద ఐదు గడులు చాలు. మొదటిది భాష. మాట్లాడే భాష వేరు, చదివే భాష వేరు అని రెండు భాగాలు చెయ్యి. ఇంట్ల ఉర్దూ మాట్లాడే ముసలమ్మకు ఉర్దూ అక్షరం రాకపోవచ్చు. లంబాడీకి సొంత లిపే లేదు, తెలుగు లిపిలో రాసిచ్చినా బడికి పోనోళ్లకు అది గీతలే. రెండోది కబురు ఎట్ల పంపాలెనో: మామూలు ఫోనా, వాయిస్ మెసేజా, వీడియో కాలా, పంచాయతీ కార్యదర్శి ద్వారానా? నంబర్ రాసుకుంటే ఆ ఫోన్ ఎవరు ఎత్తుతరో కూడా రాయి. వినబడని మనిషికి రెండుసార్లు ఫోన్ చేసి "ఎత్తలేదు" అని ఫైలు మూసేసుడు పాత జబ్బు. మూడోది రాకపోకలు: మెట్లు ఎక్కగలరా, నిలబడగలరా, చక్రాల కుర్చీ సొంతదా, మనమే పెట్టాలెనా. నాలుగోది తోడు ఎవరు వస్తరు. ఐదోది, మధ్యలో ఎవరు మాట చెప్పొద్దో.

రోగం పేరు మాత్రం ఎక్కడా రాయకు. "మతిస్థిమితం లేదు" అని ఒక్కసారి ఫైలెక్కితే ఆ మనిషి చెప్పే నిజం కూడా ఎవరూ నమ్మరు. "నెమ్మదిగా, ఒక్కొక్క మాట అడగాలె" అని రాస్తే పని జరుగుతది.

ఐదో గడి తీసెయ్యమని నీ మీద చాలామంది ఒత్తిడి పెడతరు. తియ్యకు. మన దగ్గర దుబాసీ పని, అంటే ఒకరి మాట ఇంకొకరికి అర్థమయ్యేటట్టు చెప్పే పని, ఎక్కువగా చేసేది ఇంటోళ్లే. పింఛన్ పైసలు ఎవరి చేతికి పోతున్నయని అడిగితే, ఆ పైసలు తీసుకునే కొడుకే తల్లి సైగలకు అర్థం చెప్తడు. విరాసత్, అంటే వారసత్వ భూమి పంచాయితీల తమ్ముడే అన్న మాట వినిపిస్తడు. ఇంటోళ్లు పక్కన కూసోవచ్చు, ధైర్యం చెప్పొచ్చు, పేరు, ఊరు చెప్పొచ్చు. కానీ సంతకం, వేలిముద్ర, పైసలు, భూమి, దెబ్బలు, వీటిల ఏది వచ్చినా బయటి మనిషే మాట చెప్పాలె. లైంగిక నేరాల్లోనైతే చట్టమే చెప్పింది: బాధితురాలు దివ్యాంగురాలైతే పోలీసులు ఆమె ఇంటి దగ్గరనో ఆమెకు వీలైన చోటనో, దుబాసీ గానీ స్పెషల్ ఎడ్యుకేటర్ గానీ ఉండంగ, వీడియో తీస్తూ ఫిర్యాదు రాసుకోవాలె. అది భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్. అట్లాంటి మనిషి ప్రజావాణికి వస్తే నువ్వు కథంతా అడగకు. ఒకసారి చెప్పడమే ఆమెకు గండం. హింసకు గురైన ఆడోళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి కబురు పెట్టి, చిట్టీ రాసి జతచెయ్యి.

ఇగ సైగల భాష. పట్నంల బధిరుల బడిల చదివినోళ్లకు భారతీయ సంజ్ఞా భాష వస్తది. ఊర్ల పుట్టి బడి మొఖం చూడనోళ్లకు రాదు, ఇంట్ల వాళ్లే కల్పించుకున్న సైగలు ఉంటయి. హైదరాబాద్ నుంచి మంచి దుబాసీని వీడియోల కలిపినా వాళ్లిద్దరికీ పొత్తు కుదరదు. అప్పుడు ఇద్దరు కావాలె: చదువుకున్న బధిరుడు ఒకరు, వినబడే దుబాసీ ఒకరు. ఊరి సైగలను బధిరుడు పట్టుకున్నంత తొందరగా వినేటోడు పట్టుకోలేడు. ఆయన పట్టింది దుబాసీకి చెప్తడు, దుబాసీ నీకు తెలుగుల చెప్తడు. టైం మూడింతలు పడుతది, ముందే లెక్కేసుకో.

దుబాసీల కోసం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌ల వినికిడి లోపం ఉన్నోళ్ల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రాన్ని అడుగు. దుబాసీకి భారతీయ పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉన్నదా చూడు. మండలాల్లో దివ్యాంగ పిల్లలకు చదువు చెప్పే భవిత కేంద్రాల టీచర్లు అక్కరకొస్తరు, కానీ వాళ్లు టీచర్లు, దుబాసీలు కారు. పిల్లలకు పాఠం చెప్పేంత సైగలు వచ్చినంత మాత్రాన భూమి తగాదా చెప్పగలరని అనుకోవద్దు. పరీక్ష చాలా తేలిక. దుబాసీతో ఒక సంగతి చెప్పించు, తర్వాత అదే సంగతి బధిరుడిని తిరిగి చెప్పమను. తలకాయ ఊపితే లెక్కలోకి రాదు. తెలుగు రానోళ్ల దగ్గర కూడా ఇదే పద్ధతి. "అర్థమైందా?" అని అడిగితే అందరూ "అయింది సార్" అనే అంటరు, మర్యాదకు. "ఇంటికి పోయినంక ఏం చేస్తవు, ఏ తారీఖుకు ఎక్కడికి పోతవు?" అని అడుగు.

వీడియో కాల్ పెట్టినప్పుడు ఫోన్ చేతిల పట్టుకోవద్దు, స్టాండు మీద పెట్టు. తల నుంచి నడుం దాకా, రెండు చేతులూ కనబడాలె. వెనుక కిటికీ ఉంటే మొఖం నల్లగ అయిపోతది. నువ్వు మాట్లాడేది దుబాసీ మొఖం చూసి కాదు, ఎదురుంగ ఉన్న మనిషిని చూసి. "ఆమెను అడుగుండ్రి" అనకు, "అమ్మా, నీకేం కావాలె?" అను. పెద్ద మీటింగ్ అయితే ఇద్దరు దుబాసీలు, ఇరవై నిమిషాలకొకసారి మారాలె. అలసిన చేతులు వాక్యాలు మింగేస్తయి.

లంబాడీకి మనుషులు దొరకడం కష్టం కాదు. దేవరకొండ, డిండి దిక్కు అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, డిగ్రీ చదివే పిల్లలు ఉన్నరు. కష్టమంతా గుట్టు దగ్గర. అదే తండా మనిషిని పిలిస్తే పొద్దుగూకే లోపల సంగతి తండా అంతా తెలుస్తది. ఇంటి గొడవ, ఒంటి సంగతి అయితే వేరే మండలం మనిషిని పిలువు. ఉర్దూకు కలెక్టరేట్‌ల ఉర్దూ ఆఫీసర్ ఉంటరు. ఉర్దూ మన రెండో అధికార భాష, 2017 నుంచి రాష్ట్రమంతటికీ. ఆఫీసర్ కాయిదం ఉర్దూ రాస్తే మన నల్లగొండ పాతబస్తీ బూబమ్మకు అంతుబట్టదు, ఇక్కడి వాడుక ఉర్దూ అయిన దక్కనీల చెప్పమని బతిమాలు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బిహార్ కార్మికులుంటరు, వాళ్లల్ల చెయ్యి మిషన్‌ల పడ్డోళ్లు వస్తే హిందీ కావాలె. నారాయణపేటకు, మక్తల్‌కు బదిలీ అయితే కన్నడ, మరాఠీ మాటలు చెవిన పడతయి. ప్రతి భాషకు ముగ్గురి పేర్లు రాసి పెట్టుకో. ఒక్క పేరే ఉంటే, ఆ ఒక్కరూ పెండ్లికి పోయిన రోజే అవసరం పడుతది.

ఇప్పుడు అసలు నష్టం జరిగే చోటు చెప్త: ఆస్పత్రిల వైకల్యం శాతం తేల్చే క్యాంపు, సదరం క్యాంపు అనేటోళ్లు. అక్కడ భాష తప్పితే మాట పోవుడే కాదు, శాతం పోతది. వినికిడి పరీక్షల చెవికి హెడ్‌ఫోన్ పెట్టి "చప్పుడు వినబడితే బటన్ నొక్కు" అని తెలుగుల చెప్తరు. అది అర్థం కాని మనిషి భయానికి ఊకె నొక్కుతది, లేకుంటే అసలే నొక్కదు. రెండు తీర్లా తప్పు లెక్కే. పిల్లల బుద్ధి పరీక్ష అంతకంటే ఘోరం. ఇంట్ల లంబాడీయో చెంచు మాటో విని పెరిగిన ఐదేండ్ల పిల్లను తెలుగుల రంగుల పేర్లు అడిగితే తక్కువ మార్కులు వస్తయి. భాష రాకపోవుడు బుద్ధి లోపంగ రాసుకుంటరు. ఎంత శాతం రాసిండ్రన్న దాని మీదనే పింఛన్, రిజర్వేషన్, బస్సు పాసు నడుస్తయి. కాబట్టి క్యాంపుకు పోయే ప్రతి మనిషికి చిట్టీ ఉండాలె, పరీక్ష చేసే గది లోపలికి దుబాసీ పోవాలె. బయట వరండాల ఉంటే లాభం లేదు. డాక్టర్లు ఒప్పుకోరని భయపడకు. సూపరింటెండెంట్‌తో ముందే మాట్లాడి, వినికిడి పరీక్షలు, పిల్లల పరీక్షలు రెండింటికే అడుగు. ఎముకల డాక్టర్ దగ్గర దుబాసీ అంతగా అక్కర లేదు, అక్కడ కావాల్సింది కుర్చీ, నీళ్లు. దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) వచ్చినంక రంగు చూడు: 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. రంగు తప్పు పడితే అప్పీలు చేసుకోవచ్చని చిట్టీ వెనుక రాసియ్యి.

కట్టడం సంగతి ఇంజనీర్లకు తెలుసు అంటరు. తెలిసే తప్పు చేస్తరు. లెక్క ఒకటే: అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల ర్యాంపు. ఆరంగుళాల మెట్లు మూడుంటే ఒకటిన్నర అడుగు, అంటే పద్దెనిమిది అడుగుల పొడవు. జాగ లేదని ఎనిమిది అడుగులకు కుదిస్తే కుర్చీ ఎక్కదు, ఎక్కినా దిగేటప్పుడు బోర్లా పడుతది. వెడల్పు నాలుగడుగులు, మలుపు కాడ కుర్చీ తిరిగేటంత ఐదడుగుల చదును, రెండు దిక్కులా రెండు ఎత్తుల్లో కమ్ములు. మెరిసే టైల్స్ వేస్తే వానకాలంల అందరూ జారతరు. గీతలు కొట్టిన సిమెంటే మేలు. ఇంతా చేసి ర్యాంపు ముందు బండ్లు పెడతరు, వెనుక గేటు తాళం అటెండర్ జేబుల ఉంటది. సోమవారం పొద్దుగాల తొమ్మిదింటికి ఆ రెండూ నువ్వే చూడు.

మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు ఫ్లోరోసిస్ పెద్దమనుషుల కోసం ఒక మాట వేరే చెప్పాలె. నడుం వంగి, మెడ బిగుసుకొని ఉంటది, తల పైకి ఎత్తలేరు. మనం ఎనిమిది అడుగుల ఎత్తుల కట్టిన ఫ్లెక్సీ వాళ్లకు లేనట్టే. సమాచారం మూడు, నాలుగు అడుగుల ఎత్తుల కూడా అతికించు. కౌంటర్ ఒక్కటైనా 75 నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తుల ఉండాలె, కింద మోకాళ్లు దూరేటంత ఖాళీతో. అది చక్రాల కుర్చీకీ పనికొస్తది. వేళ్లు సాగక వేలిముద్ర పడకపోతే వెనక్కి పంపకు, కంటిపాపతో తీయమను. కింద కూసోబెట్టకు, లేవలేరు.

టోకెన్ మైకుల పిలుస్తే వినబడనోళ్ల వంతు పోతది, బోర్డు మీదే చూపిస్తే చూపు లేనోళ్ల వంతు పోతది. రెండూ పెట్టు. చిట్టీ ఉన్నోళ్లను ముందు వరుసల కూసోబెట్టి, వాళ్ల దగ్గరికి ఒక మనిషి పోయి చెప్పాలె. చూపు లేనాయన చెయ్యి పట్టి గుంజవద్దు, మన మోచెయ్యి ఆయనకు అందియ్యాలె.

కాయిదాల దగ్గర చిన్న తిరకాసు ఉన్నది. మన ఆఫీసుల్లో ఇంకా అను ఫాంట్లల్ల టైపు కొడతరు. చూడ్డానికి తెలుగే, ఫోన్ మాత్రం చదవలేదు. చూపు లేనోళ్లు ఇప్పుడు తెర మీది అక్షరాలు చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకొని ఫోన్ల వింటరు. అను ఫాంట్ ఫైల్ పంపితే పిచ్చి అక్షరాలు వినబడతయి, స్కాన్ చేసిన ఫొటో పంపితే ఏమీ వినబడదు. ఫోన్లు చదవగలిగే యూనికోడ్‌ల టైపు కొట్టి పంపు. బ్రెయిలీ అడిగినోళ్లకు బ్రెయిలీ ఇయ్యాలె, అడగకుండ కట్టలు అచ్చు వేయించి బీరువాల పెట్టకు. చూపు మందగించినోళ్లకు 18 పాయింట్ అక్షరం, తెల్ల కాయిదం మీద నల్ల రంగు. ఉర్దూ అచ్చు వేసే ముందు ఉర్దూ చదివే మనిషికి చూపియ్యి. కంప్యూటర్‌ల అక్షరాలు విడివిడిగ, ఎడమ నుంచి కుడికి పడ్డ బోర్డు పెట్టి నవ్వులపాలు కావద్దు.

దుబాసీలకు పైసలు ఇప్పియ్యి. పుణ్యానికి వచ్చేటోళ్లు మూడో సోమవారానికి రారు, పొలం పనులు పడితే అసలే రారు. ప్రతిసారి నోట్ పెడితే పైసలు వచ్చేసరికి ఆరు నెలలు. ఏడాదికి ఒక్కసారే పూటకు ఇంత, బస్సు కిరాయి వేరే అని కలెక్టర్ ప్రొసీడింగ్స్ తీసుకో. ఎవరన్నా "ఇది మన పనేనా?" అంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 46వ సెక్షన్ చూపియ్యి. సేవలందించే ప్రతి కార్యాలయానికి రెండేండ్ల గడువిచ్చింది, నిబంధనలు వచ్చింది 2017 జూన్‌ల. గడువు ఎప్పుడు తీరిందో వాళ్లనే లెక్కేసుకోమను.

వారం ఇట్ల నడుపు. గురువారం మండలాల నుంచి చిట్టీల జాబితా తెప్పించు. శుక్రవారం దుబాసీలకు చెప్పు, ఎవరు రారో అప్పుడే తేలుతది. శనివారం వీడియో కాల్ ఒకసారి కలిపి చూడు, మీటింగ్ హాల్ మూలల సిగ్నల్ రాదు. సోమవారం చెప్పకుండ వచ్చేటోళ్ల కోసం ఒక లంబాడీ మనిషిని, ఒక ఉర్దూ మనిషిని పూటంతా కూసోబెట్టు. మంగళవారం చిట్టీలన్నీ ముందల పెట్టుకొని, అడిగిందేంది, అందిందేంది ఎదురెదురుగ రాయి. అందనిది ఏ శాఖ దగ్గర ఆగిందో ఆ శాఖకు అదే రోజు ఫోన్ చెయ్యి. బుధవారానికి ఎవరికీ యాదికి ఉండదు.

చిట్టీ నమూనా చేత్తో గీసి దీని వెంట పంపుతున్న. గడులు పెంచకు, పది గడులు పెడితే ఎవరూ నింపరు.

ఆశీస్సులతో,
నీ పెద్దనాయిన